పీఎస్‌ఓతో జీఆర్4జే కాలిబ్రేషన్: స్కోరు కదలదు, పారామీటర్లు మాత్రం ప్రతి రన్‌కూ మారిపోతాయి, ఎందుకు?

మీ ప్రశ్న క్లుప్తంగా: గోదావరి ఉపనది ఒకదానికి, 1,850 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతానికి జీఆర్4జే, అంటే రోజువారీ వర్షం, ఆవిరి నుంచి నదీ ప్రవాహాన్ని నాలుగు పారామీటర్లతో (ఎక్స్1 నుంచి ఎక్స్4) లెక్కించే మోడల్ పెట్టారు. పార్టికల్ స్వార్మ్, అంటే కణాల గుంపు ఒకదాన్నొకటి చూసుకుంటూ మంచి విలువలు వెతికే పీఎస్‌ఓతో కాలిబ్రేట్ చేస్తున్నారు, అంటే కొలిచిన ప్రవాహానికి సరిపోయే పారామీటర్లు వెతుకుతున్నారు. 30 కణాలు, 100 ఆవృత్తులు. పదిసార్లు నడిపితే ఎన్‌ఎస్‌ఈ (మోడల్ ప్రవాహం కొలిచినదానికి ఎంత సరిపోయిందో చెప్పే స్కోరు, పూర్తిగా సరిపోతే 1) ప్రతిసారీ 0.78, 0.79 దగ్గరే ఉంటోంది. కానీ ఎక్స్1 ఒకసారి 240 మి.మీ., ఇంకోసారి 1,150. ఎక్స్2 మైనస్ 0.4 నుంచి మైనస్ 6 దాకా తిరుగుతోంది. గ్రే వోల్ఫ్ అనే ఇంకో అన్వేషణ అల్గారిథంకి మారితే కుదురుతుందా అని అడిగారు.

కుదరదు. నాలుగు పారామీటర్లకు 3,000 మోడల్ రన్లు తక్కువేం కాదు. పదిసార్లూ స్కోరు ఒకే చోట ఆగిందంటే గుంపు తన పని దాదాపు సరిగ్గానే చేస్తోందని అర్థం. మీ డేటా, మీరు ఎంచుకున్న స్కోరు ఈ రెండు పారామీటర్లను విడదీసి చెప్పలేకపోతున్నాయి. కొండ శిఖరం బదులు పొడవాటి గట్టు ఉంది. గట్టు మీద ఎక్కడ నిలబడ్డా ఎత్తు ఒకటే. ఏ జంతువు పేరు పెట్టిన అల్గారిథం వాడినా ఆ గట్టు మీదే ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

గట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో జీఆర్4జే లోపలికి చూస్తే తెలుస్తుంది. ఎక్స్1 అనేది నేలలో నీరు పట్టే నిల్వ సామర్థ్యం. అది పెరిగితే వర్షంలో ఎక్కువ భాగం నిల్వలోకి పోయి, తర్వాత నెమ్మదిగా ఆవిరవుతుంది, నదికి వచ్చేది తగ్గుతుంది. ఎక్స్2 భూగర్భజల మార్పిడి. అది రుణాత్మకంగా ఉంటే నీరు పరీవాహకం నుంచి బయటికి పోతున్నట్టు లెక్క, అప్పుడూ నదికి వచ్చేది తగ్గుతుంది. కాబట్టి పెద్ద ఎక్స్1, సున్నాకు దగ్గర ఎక్స్2 పెడితే ఏడాది మొత్తం ప్రవాహం ఎంత వస్తుందో, చిన్న ఎక్స్1, బాగా రుణాత్మక ఎక్స్2 పెట్టినా దాదాపు అంతే వస్తుంది. దీనికి తోడు మార్పిడి సూత్రం ఎక్స్2 ఇంటూ, రూటింగ్ నిల్వ (నీటిని కొద్దికొద్దిగా నదికి వదిలే నిల్వ) మట్టాన్ని దాని సామర్థ్యమైన ఎక్స్3తో భాగించి 3.5 ఘాతం చేసిన విలువ. అంటే ఎక్స్2, ఎక్స్3 కూడా ఒకదాన్నొకటి పట్టుకుని కదులుతాయి. మీ పది ఫలితాలనూ ఎక్స్1 అడ్డంగా, ఎక్స్2 నిలువుగా పెట్టి గ్రాఫ్ మీద చుక్కలు వేయండి. చుక్కలు చెల్లాచెదురుగా కాకుండా ఒక వంపు గీత మీద కూర్చుంటే నేను చెప్పింది ఖాయమైనట్టే.

అయినా ఊహతో ఆగవద్దు, పరీక్ష చేయండి. దీన్ని కృత్రిమ ప్రవాహ పరీక్ష అనుకోండి, ఏ కాలిబ్రేషన్‌కైనా ఇది మొదట చేయాలి. మీ వర్షపాతం, మీ ఆవిరి డేటానే తీసుకుని, తెలిసిన విలువలతో మోడల్ నడపండి: ఎక్స్1 400, ఎక్స్2 మైనస్ 1, ఎక్స్3 80, ఎక్స్4 (వర్షం నదికి చేరడానికి పట్టే కాలం, రోజుల్లో) 1.8. వచ్చిన ప్రవాహాన్నే గమనించిన ప్రవాహం అనుకుని, అదే పీఎస్‌ఓ, అవే అమరికలు, 20 వేర్వేరు సీడ్‌లతో, అంటే యాదృచ్ఛిక అంకెల ఆరంభ విలువలతో నడపండి. ఇక్కడ డేటాలో తప్పు లేదు, మోడల్‌లో తప్పు లేదు. ఎన్‌ఎస్‌ఈ 1కి చేరి, నాలుగు విలువలూ 1 శాతం తేడా లోపల తిరిగి రావాలి. 20లో రెండు మూడు తప్పిపోతే గుంపు తొందరపడి ఒకచోట చేరిపోతోందని అర్థం, అమరికలు మార్చాలి. సగం తప్పిపోతే కోడ్‌లో బగ్ ఉంది. 20 కూడా సరిగ్గా వస్తే అల్గారిథం మీద అనుమానం వదిలేయండి.

తర్వాత అదే కృత్రిమ ప్రవాహానికి సుమారు 10 శాతం గుణక దోషం కలిపి మళ్లీ నడపండి. ఆ తర్వాత ప్రవాహాన్ని వదిలేసి వర్షపాతానికి దోషం కలపండి. ఎక్స్1, ఎక్స్2 ఏ దశలో నిజవిలువల నుంచి దూరం జరగడం మొదలైందో చూస్తే, మీ డేటా నాణ్యతకు ఏ పారామీటర్ ఎంతవరకు తెలుసుకోగలమో చేతికి చిక్కుతుంది. ఈ మూడు దశలూ కలిపి ఒక పూట పని. పైథాన్ కోడ్‌ను వేగవంతం చేసే నంబాతో కంపైల్ చేస్తే పదేళ్ల రోజువారీ జీఆర్4జే రన్ మిల్లీసెకన్లలో అయిపోతుంది. మామూలు పైథాన్ లూప్‌తో మాత్రం ఓపిక పట్టాలి.

అసలు ప్రవాహం మీదికి వచ్చేముందు ఇన్‌పుట్‌లు సరిచూసుకోండి. అల్గారిథంలోని తప్పులకన్నా ఇక్కడి తప్పులే ఎక్కువ నష్టం చేస్తాయి, ఎందుకంటే మంచి అల్గారిథం తప్పు డేటాను కూడా చక్కగా సర్దేసి నమ్మదగ్గ స్కోరు చూపిస్తుంది.

ప్రమాణం మొదటిది. సెకనుకు ఘనపు మీటర్లలో ఉన్న ప్రవాహాన్ని 86.4తో గుణించి చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో భాగిస్తే రోజుకు మి.మీ. వస్తుంది. మీ 1,850 చ.కి.మీ.కి సెకనుకు 100 ఘనపు మీటర్లంటే 4.67 మి.మీ. విస్తీర్ణం డ్యామ్ దగ్గరిది కాకుండా గేజ్ (ప్రవాహం కొలిచే చోటు) దగ్గరిదే అయ్యుండాలి. 15 శాతం తప్పు విస్తీర్ణాన్ని ఎక్స్2 చడీచప్పుడు లేకుండా మింగేస్తుంది, మీకు ఎక్కడా కనపడదు.

రెండోది తేదీ. భారత వాతావరణ శాఖ గ్రిడ్ డేటాలో ఒక తేదీ వర్షం అంటే ముందురోజు ఉదయం 8:30 నుంచి ఆ రోజు ఉదయం 8:30 వరకు కురిసింది. కేంద్ర జల సంఘం గేజ్‌లలో రోజువారీ కొలత ఉదయం 8 గంటల దగ్గర తీస్తారు, కాబట్టి ఈ రెండూ బాగానే పొసుగుతాయి. ఉపగ్రహ వర్షపాతం, ఉదాహరణకు ఐమెర్గ్ రోజువారీ ఫైలు, యూటీసీ రోజు ప్రకారం ఉంటుంది. మన టైములో అది ఆ రోజు ఉదయం 5:30 నుంచి మర్నాడు 5:30 వరకు. అంటే ఐమెర్గ్ 14వ తేదీ వర్షం వాతావరణ శాఖ 15వ తేదీ వర్షానికి సరిపోతుంది. రెంటినీ ఒకే తేదీ అనుకుని కలిపితే ఒక రోజు జరిగిపోతుంది. దీని లక్షణం ఎక్స్4లో కనిపిస్తుంది: వరద వర్షం కన్నా ముందొచ్చినట్టు డేటా ఉంటే ఎక్స్4 కింది హద్దు 0.5కి అతుక్కుంటుంది, అటువైపు జరిగితే ఉండాల్సిన దానికన్నా ఒక రోజు ఎక్కువ చూపిస్తుంది. మీ ఎక్స్4 ఎంతో మీరు రాయలేదు. అది 0.5 దగ్గరుంటే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు తేదీలు చూడండి.

మూడోది ఆవిరి. హార్‌గ్రీవ్స్ సూత్రం వాడుతుంటే, 0.0023తో మొదలయ్యే ఆ సూత్రంలో సౌర వికిరణం మి.మీ. తుల్యంలో ఉండాలి. మెగాజౌళ్లలో ఉన్నదాన్ని 0.408తో గుణించకుండా వేస్తే ఆవిరి దాదాపు రెండున్నర రెట్లు వస్తుంది. అప్పుడు మోడల్ నీళ్ల కోసం అల్లాడి ఎక్స్1ని కిందికి, ఎక్స్2ని ధనాత్మకంవైపు నెడుతుంది. మీ ఎక్స్2 రుణాత్మకం కాబట్టి ఈ తప్పు మీ దగ్గర ఉండకపోవచ్చు. అయినా ఏడాది మొత్తం ఒకసారి కూడి చూడండి, 3,000 మి.మీ. దాటితే అనుమానించాలి.

కొలత లేని రోజుల్ని సున్నా చేయకండి. స్కోరు లెక్కలోంచి తీసేయాలి, మోడల్ మాత్రం ఆ రోజుల్లోనూ నడవాలి. వార్మప్‌కి, అంటే మోడల్ నిల్వలు కుదురుకునేదాకా స్కోరులో లెక్కించని కాలానికి, కనీసం ఒక జల సంవత్సరం, అంటే జూన్ 1 నుంచి మే 31 వరకు వదలండి. ఎక్స్1 వెయ్యి దాటే అవకాశం ఇస్తున్నారు కాబట్టి మీకు రెండేళ్లు మేలు. వార్మప్ చాలకపోతే మొదటి ఏడాది ప్రవాహమంతా మీరు పెట్టిన తొలి నిల్వ మీద ఆధారపడుతుంది, దాన్ని సర్దడానికి ఎక్స్1 పక్కకు తప్పుకుంటుంది.

ఇప్పుడు స్కోరు గురించి. మీ గట్టులో సగం ఇక్కడే పుట్టింది. ఎన్‌ఎస్‌ఈ తేడాల వర్గాల మీద ఆధారపడుతుంది. మన నదుల్లో ఏడాది ప్రవాహంలో చాలాభాగం జూన్–అక్టోబర్ మధ్యే, అందులోనూ కొన్ని వరద రోజుల్లోనే వస్తుంది. పదేళ్ల స్కోరును పది పదిహేను రోజులు శాసిస్తాయి. ఆ రోజుల కొలతే అన్నిటికన్నా బలహీనం, ఎందుకంటే పెద్ద వరదప్పుడు నీటిమట్టం చూసి రేటింగ్ వక్రాన్ని (మట్టం నుంచి ప్రవాహం చెప్పే గ్రాఫ్‌ను) కొలతల పరిధి దాటి పొడిగించి ప్రవాహం చెబుతారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నది నెమ్మదిగా తగ్గే తీరు మాత్రం ఎక్స్1, ఎక్స్2లను విడదీయగలదు, కానీ ఎన్‌ఎస్‌ఈ దాన్ని పట్టించుకోదు. అందుకే ప్రవాహాల వర్గమూలం తీసి దాని మీద కేజీఈ అనే ఇంకో స్కోరు (దీనికీ 1 అంటే పూర్తిగా సరిపోయినట్టు) లెక్కించండి, లేదా మామూలు ప్రవాహాల కేజీఈ, వర్గమూలాల కేజీఈ సగం సగం కలపండి. కేజీఈని లాగ్ ప్రవాహాల మీద లెక్కించవద్దు, మి.మీ.లో ఒక స్కోరు, ఘనపు మీటర్లలో ఇంకో స్కోరు వస్తుంది. లాగ్ మీద ఎన్‌ఎస్‌ఈ వాడొచ్చు, కానీ నది ఎండిపోయే రోజుల కోసం సగటు ప్రవాహంలో నూరో వంతు కలిపి లాగ్ తీయాలి. కేజీఈ ఒక్క అంకెగా కాకుండా దాని మూడు భాగాలూ, అంటే సహసంబంధం, చలన నిష్పత్తి, సగటు నిష్పత్తి విడివిడిగా రాసుకోండి. సగటు నిష్పత్తి 1 దగ్గరుండి చలన నిష్పత్తి 0.7 అయితే వరదలు చదునైపోతున్నాయని అక్కడే తెలుస్తుంది. ఇంకో విషయం, కేజీఈలో సున్నాకు ఎన్‌ఎస్‌ఈ సున్నాకున్న అర్థం లేదు. సగటు ప్రవాహాన్నే అంచనాగా పెడితే కేజీఈ మైనస్ 0.41 వస్తుంది.

అన్వేషణ అమరికల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది పారామీటర్ల రూపం మార్చడం. ఎక్స్1, ఎక్స్3లను లాగ్‌లో వెతకండి, ఎక్స్2ని విలోమ హైపర్‌బోలిక్ సైన్‌లో, ఎక్స్4ని ఉన్నదున్నట్టు. ఆ తర్వాత అన్నిటినీ 0 నుంచి 1కి కుదించండి. ఎక్స్1 విషయంలో 100 నుంచి 200కి వెళ్లడం ప్రవాహాన్ని ఎంత మారుస్తుందో, 1,000 నుంచి 1,100కి వెళ్లడం అందులో కొంచెం కూడా మార్చదు. లాగ్‌లో కాకుండా నేరుగా వెతికితే కణాలు సగానికిపైగా ఏమీ మారని ఆ పై భాగంలోనే తిరుగుతాయి. హద్దులు విశాలంగా ఉంచండి: ఎక్స్1 20–2,500 మి.మీ., ఎక్స్2 మైనస్ 10 నుంచి ప్లస్ 5, ఎక్స్3 5–500 మి.మీ., ఎక్స్4 0.5–8 రోజులు. పోల్చుకోవడానికి, 2003లో మోడల్‌ను ప్రకటించినప్పుడు దాని రూపకర్తలు ఇచ్చిన 80 శాతం పరిధులు ఇవి: ఎక్స్1 100–1,200, ఎక్స్2 మైనస్ 5 నుంచి ప్లస్ 3, ఎక్స్3 20–300, ఎక్స్4 1.1–2.9. ఫలితం హద్దుకు అతుక్కుంటే హద్దు పెంచి ఊరుకోవద్దు, ఎందుకు అక్కడికి వెళ్తోందో వెతకండి.

పీఎస్‌ఓ అంకెలు: జడత్వం 0.7298, రెండు ఆకర్షణ గుణకాలూ 1.49618. ఇవి క్లెర్క్, కెనడీ విశ్లేషణ నుంచి వచ్చినవి, మార్చాల్సిన పని దాదాపు రాదు. గరిష్ఠ వేగం పరిధిలో సగం మించకుండా చూడండి. అందరూ ఒకే నాయకుణ్ణి అనుసరించే అమరిక త్వరగా చేరుతుంది కానీ తప్పుచోట చేరే ప్రమాదం ఎక్కువ. ప్రతి కణం పక్కనున్న ఇద్దరినే చూసే వలయపు అమరిక నెమ్మది, కానీ గట్టులాంటి చోట్ల నమ్మకమైనది. హద్దు దాటిన కణాన్ని హద్దు మీద పెట్టి వేగం అలాగే వదిలేస్తే అది మళ్లీ మళ్లీ బయటికే దూకుతుంది. వేగాన్ని సున్నా చేయండి, లేదా దిశ తిప్పి సగానికి తగ్గించండి.

కోడ్‌లో ఒక గుంత ఉంది, చాలామంది అందులో పడతారు. మోడల్ ఏదో ఒక చోట విఫలమై నాన్ (అంకె కాదని చెప్పే గుర్తు) విలువ తిరిగిస్తే, నాన్‌తో చిన్నదా, పెద్దదా అనే ఏ పోలికైనా తప్పు అనే వస్తుంది. మొదటి ఆవృత్తిలోనే ఒక కణం ఉత్తమ విలువగా నాన్ నమోదైతే, ఆ తర్వాత ఎంత మంచి విలువ వచ్చినా దాన్ని తొలగించలేదు. ఆ కణం చచ్చినట్టే, మీకు ఏ హెచ్చరికా రాదు. అందుకే నాన్ వచ్చినచోట 10,00,000 లాంటి పెద్ద దోషం ఇవ్వండి, అలాంటివి ఎన్నొచ్చాయో లెక్కపెట్టి చివర్లో ముద్రించండి.

సొంత పీఎస్‌ఓ కోడ్ మీద నమ్మకం కుదరకపోతే పైథాన్ లైబ్రరీ సైపైలోని డిఫరెన్షియల్ ఎవల్యూషన్ అనే అన్వేషణ పద్ధతి తీసుకోండి. జనాభా గుణకం 15 అంటే నాలుగు పారామీటర్లకు 60 మంది సభ్యులు, 100 తరాలకు 6,060 రన్లు. అన్ని కోర్‌లూ వాడాలంటే వర్కర్లను మైనస్ 1 పెట్టి, అప్‌డేటింగ్‌ను డిఫర్డ్ చేయాలి. చివర్లో అది తనంతట తాను ఒక స్థానిక మెరుగుదల నడుపుతుంది, మీరు పోలిక కోసం రన్లు లెక్కపెడుతుంటే దాన్ని ఆపేయండి. ఆర్ ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్లకు ఎయిర్‌జీఆర్ ప్యాకేజీలో మిషెల్ పద్ధతి ఉంది. నాలుగు పారామీటర్లకు స్వార్మ్ అక్కర్లేదని చూపడానికి అదే చాలు: ముందు కొన్ని గ్రిడ్ బిందువులు చూసి, అక్కడి నుంచి అడుగడుగునా ఎక్కుతూ చాలా తక్కువ రన్లలో చేరిపోతుంది. మీ పీఎస్‌ఓ దానికన్నా తక్కువ స్కోరు ఇస్తే పీఎస్‌ఓ అమరికలో తప్పుంది.

గ్రే వోల్ఫ్ సంగతి. దానితోపాటు ఇంకొన్ని కొత్త అల్గారిథంలలో ఒక లోపం బయటపడింది: అవి సున్నా బిందువు వైపు తెలియకుండా మొగ్గుతాయి. పరీక్షా ఫంక్షన్లలో చాలావాటికి కనిష్ఠం సున్నా దగ్గరే ఉంటుంది, అందుకే ప్రచురిత పట్టికల్లో వాటి ఫలితాలు అంత బాగా కనిపిస్తాయి. మీ విషయంలో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ఎక్స్2 పరిధి సున్నాకు రెండు వైపులా ఉంది, చాలా పరీవాహకాల్లో నిజంగానే సున్నా దగ్గర ఉంటుంది. 0–1కి కుదించకుండా వెతికితే అలాంటి అల్గారిథం పదిసార్లూ ఎక్స్2ని సున్నా పక్కన తెచ్చి పెడితే మీకు స్థిరత్వం దొరికినట్టు అనిపిస్తుంది. అది డేటా చెప్పినది కాదు, అల్గారిథం అలవాటు. అయినా పోల్చి చూడాలనుకుంటే రెండింటికీ ఒకే సంఖ్యలో మోడల్ రన్లు ఇవ్వండి, ఆవృత్తులు కాదు. ఒక్కోదానికి 30 సీడ్‌లు, ఉత్తమం కాకుండా మధ్యస్థం చూడండి. కృత్రిమ పరీక్షలో ఎక్స్2 నిజవిలువను మైనస్ 3 పెట్టి మళ్లీ చేయండి, మొగ్గు ఉంటే అక్కడే దొరుకుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా గట్టు కొంత మిగులుతుంది. అప్పుడు ఒక్క సమితిని ఎంచుకోకండి. 30 సీడ్‌ల నుంచి, రన్ల మధ్యలో చూసిన సమితుల నుంచి కూడా, ఉత్తమ స్కోరుకు 0.01 లోపల ఉన్నవన్నీ ఉంచుకుని ప్రతిదానితో ప్రవాహం లెక్కించి, పట్టీగా చూపించండి. కానీ ఆ పట్టీని అనిశ్చితి అని రాయవద్దు. చివరికి గుంపు ఎంత దగ్గరకు చేరిందనేది పీఎస్‌ఓ అమరికల ఫలితం, సంభావ్యత కాదు. నిజమైన అనిశ్చితి కావాలంటే డ్రీమ్ లాంటి మార్కోవ్ గొలుసు పద్ధతి, దోషాల మధ్య రోజురోజుకీ ఉన్న సంబంధాన్ని లెక్కలోకి తీసుకునే లైక్లీహుడ్ (ఆ పారామీటర్లతో ఈ డేటా వచ్చే అవకాశం ఎంతో చెప్పే లెక్క) కావాలి. గట్టు ఆకారం తెలిసిపోయింది కాబట్టి ఆ పని ఇప్పుడు తేలిక.

వ్యాలిడేషన్‌కి, అంటే కాలిబ్రేషన్‌లో వాడని ఏళ్లతో సరిచూడడానికి, రికార్డును మొదటి సగం, రెండో సగం అని కోయడం చాలదు. క్లెమెష్ 1986లో చెప్పినట్టు తడి సంవత్సరాల మీద కాలిబ్రేట్ చేసి పొడి సంవత్సరాల మీద పరీక్షించండి, తర్వాత తిరగేయండి. దేశమంతా వాన తగ్గిన 2009, 2014, 2015 సంవత్సరాలు మీ రికార్డులో ఉంటే అవి విలువైన పరీక్ష. గట్టు మీద రెండు చివర్లలో ఉన్న సమితులు మామూలు ఏళ్లలో ఒకేలా ప్రవర్తించి, కరవు ఏడాదిలో విడిపోతాయి. ఎక్స్1 ఎంతో తేల్చగలిగేది ఎక్కువసార్లు ఆ ఏడాదే. అలాగే ఒక్కో ఏడాదిని వదిలి మిగతావాటితో కాలిబ్రేట్ చేయండి. ఒక్క ఏడాది తీసేస్తే ఎక్స్1 రెండింతలైతే, మొత్తం ఫలితం ఆ ఏటి ఒక వరద మీద నిలబడి ఉందన్నమాట.

మీ పరీవాహకం తెలంగాణ వైపుది అయితే ఇంకోటి చూడాలి. జీఆర్4జేలో చెరువు లేదు, బోరు లేదు, ఎత్తిపోతల లేదు. తోడుకున్న నీరంతా ఎక్స్2 ఖాతాలో పడుతుంది. మైనస్ 6 లాంటి విలువ భూగర్భం గురించి కాక సేద్యం గురించి చెబుతుండొచ్చు. పైగా 2015లో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను పునరుద్ధరించాలని తలపెట్టిన పని. పూడిక తీస్తే తొలకరి నీరు చెరువుల్లోనే ఆగుతుంది. 2005–2014తో కాలిబ్రేట్ చేసి 2016 తర్వాతి ఏళ్లతో సరిచూసి తప్పు వచ్చిందంటే, అది అల్గారిథం తప్పు కాకపోవచ్చు, పరీవాహకమే మారి ఉండొచ్చు. జూన్, జులై ప్రవాహాల్లో మోడల్ ఎక్కువ చూపించి సెప్టెంబర్‌లో సరిపోతుంటే అది చెరువుల గుర్తు. పై భాగంలో పెద్ద జలాశయం ఉంటే మాత్రం జీఆర్4జేని ఆ గేజ్ దగ్గర వాడనే వద్దు, జలాశయానికి ఎగువన ఉన్న గేజ్ వెతకండి. గోదావరి, కృష్ణా గేజ్‌ల రోజువారీ డేటా ఇండియా డబ్ల్యూఆర్‌ఐఎస్‌లో అందరికీ దొరుకుతుంది.

చివర్లో స్వాట్ అనే పెద్ద పరీవాహక మోడల్‌కి వెళ్లాలనుకుంటున్నట్టు రాశారు. అక్కడ లెక్క వేరు. ఒక రన్‌కి నిమిషాలు పడుతుంది, పారామీటర్లు 15–20 ఉంటాయి, 3,000 రన్లు మోయలేరు. అలాంటప్పుడు 2007లో టోల్సన్, షూమేకర్ ఇచ్చిన డీడీఎస్ అనే అన్వేషణ అల్గారిథం వాడండి. మొదట్లో పారామీటర్లన్నిటినీ కదిపి, రన్లు తరిగేకొద్దీ ఒకటి రెండింటినే కదుపుతుంది. మీరు అమర్చాల్సిన అంకె ఒక్కటే, అడుగు పరిమాణం 0.2. 500 నుంచి 1,000 రన్లలో పనికొచ్చే జవాబు ఇస్తుంది. సమాంతరంగా నడిపేటప్పుడు ప్రతి వర్కర్‌కూ ఫైళ్ల ఫోల్డర్ విడిగా కాపీ చేసి ఇవ్వండి, లేకపోతే ఒకరి ఫైలు మీద ఇంకొకరు రాసి, స్కోర్లు తప్పు పారామీటర్లకు అంటుకుంటాయి. అది ఎక్కడా ఎర్రర్‌గా కనిపించదు. కర్వ్ నంబర్‌ను (వర్షంలో ఎంత నేల మీద పారుతుందో చెప్పే అంకెను) ప్లస్ మైనస్ 20 శాతం మార్చమని ఇచ్చినప్పుడు నల్లరేగడి మాగాణిలో 85 ఉన్నది 102 అవుతుంది, అసలు గరిష్ఠం 100. కోత పడిన చోట ఆ పారామీటర్ కదిలినా ప్రవాహం కదలదు, అది ఇంకో చదును గట్టు.

ఈ వారం మీరు చేయాల్సింది రెండే: ఎక్స్1–ఎక్స్2 చుక్కల గ్రాఫ్, 20 సీడ్‌ల కృత్రిమ పరీక్ష. అవి రెండూ, ఎక్స్4 విలువతో సహా ఇక్కడ పెట్టండి, గట్టు ఎంత పొడవుందో చూసి స్కోరు మార్చాలా, వర్షపాతం మార్చాలా చెప్పొచ్చు.